చిగురు పూత

పైడితల్లి కారు ఆపడమే మా షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఆపింది. దిగడమే అరుస్తూ దిగింది.

"ఏడీ, నూకరాజేడీ? పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నాడు కదా! ఒక్క వానాకాలం తిరక్కుండానే నా బండి బూడిదగుమ్మడికాయ అయిపోనాది. రమ్మనండి బయటికి!"

గాజువాక ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే షెడ్డు మాది. మా అబ్బాయి నూకరాజు స్ప్రే కొడతాడు. అద్దాల మీద రంగు పడకుండా అంటించే పాత పేపర్లు కత్తిరించి ఇవ్వడం నా పని. ఏ ముక్కనీ చదవకుండా ఇవ్వను కాబట్టి నా పని ఎప్పుడూ ఆలస్యమే. ఆ వేళ కూడా సగం చదివిన కాగితం చేత్తో పట్టుకునే బయటికి పరుగెత్తాను.

పైడితల్లి పెందుర్తిలో ఉంటుంది. సొంత టాక్సీ, తనే నడుపుతుంది. ఆ వంకాయరంగు కారంటే ఆమెకు ప్రాణం. నిజంగానే దాని బానెట్ మీద తెల్లగా పొడి పేరుకుని ఉంది. వేలితో రాస్తే గోడసున్నంలా అంటుకుంది. నూకరాజు స్ప్రే కొట్టింది చిగురు పూత. ఆ పూత కనిపెట్టింది మా అమ్మాయి హైమ.

హైమ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివింది. ఉన్న ఉద్యోగం మానేసి మా షెడ్డు వెనక గదిలో ప్రయోగశాల పెట్టుకుంది. మామూలు రంగు మీద ఆ పూతను గన్నుతో కొట్టి ఆరబెడితే చాలు. గీత పడితే తనంతట తనే పూడ్చుకుంటుంది. వచ్చినవాళ్ల ముందు నూకరాజు మా ఆకుపచ్చ వ్యాను తలుపు మీద తాళంచెవితో బర్రున గీసేవాడు. వాళ్లు అయ్యయ్యో అనేలోపు ఆ గీత నీళ్ల మీద గీసిన గీతలా మాయమయ్యేది. అంతమంది నోళ్లు తెరిచి నిలబడితే నా కడుపు నిండిపోయేది.

"అరవకు పైడితల్లీ, ముందు టీ తాగు," అన్నాను.

"టీ తాగితే తెలుపు పోతాదేటి పిన్నీ?"

నూకరాజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏటితో కడిగినావు? గిన్నెలు తోమే సబ్బు రాసీసినావా?"

"నా పిల్లలకైనా అంత మెత్తగా నీళ్లు పోయలేదు. మెత్తటి గుడ్డ, మంచినీళ్లు. నువ్వు సబ్బులంటావేటి?"

ఆ వాదన టీ పూర్తయ్యేదాకా సాగింది. గ్లాసు కింద పెట్టి పైడితల్లి బానెట్ వైపు వేలు చూపించబోయి అలాగే ఆగిపోయింది. కారు నిగనిగలాడుతోంది. బానెట్ మీద ఆమె ముఖమే కనిపిస్తోంది.

నూకరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "కళ్లు చూపించుకో, పైడీ. పక్క వీధిలోనే కళ్లద్దాల షాపుంది."

ఆమె గొణుక్కుంటూ వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి ఫోనులో ఫొటోలు తీసుకొచ్చింది. పెందుర్తిలో తన ఇంటి ముందు తెల్లగా పాలిపోయిన కారు. ఫొటోలు మాకు చూపిస్తుండగానే అసలు కారు మా కళ్ల ముందు మెల్లగా నిగారింపు తెచ్చుకుంటోంది.

"చూసినావా పిన్నీ, ఇక్కడికొస్తే నయం, ఇంటికెళ్తే జ్వరం! మీ షెడ్డులో దెయ్యముందా, నా ఇంట్లో ఉందా?"

నాకు నవ్వు రాలేదు. హైమ మాత్రం వెనక గదిలోంచి పరుగున వచ్చి కారు చుట్టూ తిరిగింది. దాని ముఖం వెలిగిపోతోంది. బండి పాడైందని చెబుతుంటే ఇంత సంతోషమేమిటో నాకు అర్థం కాలేదు.

"అన్నయ్యా, ఈ కారుకి కొట్టింది ఏ డ్రమ్ములోది?"

"మొదటి డ్రమ్ము. మన వ్యానుకి కొట్టినదే. ఆ రేకులకి కొట్టిందీ అదే."

రేకులంటే మా షెడ్డు గోడకు వేలాడేవి. ఏ బండికి రంగు వేసినా పక్కన ఒక రేకుకి కూడా వేసి గోడకు తగిలించడం నూకరాజు వాళ్ల నాన్న పెట్టిన అలవాటు. తర్వాత ఎప్పుడైనా బండి సొట్ట పడి వస్తే రంగు కలపడానికి అది పనికొస్తుంది. ఆ గోడ నిండా రేకులే.

హైమ పరుగెత్తుకుంటూ గదిలోకి వెళ్లింది. నేనూ దాని వెనకే వెళ్లాను. దాని ఎండపెట్టె అక్కడుంది. లోపల మండే దీపాలుంటాయి, ఉప్పునీళ్లు చిమ్ముతుంటాయి. ఏళ్ల ఎండావానా వారాల్లో చూపించే పెట్టె అది. పరీక్ష చేసే రేకు మధ్యలో ఉంటుంది. పోల్చి చూసుకోవడానికి అదే పూత వేసిన ఇంకో రేకు, జిగేలుమనే కాగితం చుట్టి, దాని పక్కనే పెడుతుంది. జాగ్రత్త గలవాళ్లు అలాగే చేస్తారని నాకు చాలాసార్లు చెప్పింది.

హైమ ఆ కాగితం చుట్టిన రేకు వైపు చూస్తూ నిలబడిపోయింది.

"అమ్మా," అంది, "ఒక్క రేకుని ఒంటరిగా ఎప్పుడూ పరీక్ష చెయ్యలేదే నేను."

"అయితే ఏమైందే?"

"అయితే... ఇన్నాళ్లూ పరీక్షలో నెగ్గింది ఒక రేకు కాదు. రెండు."

అప్పుడు చెప్పింది. ఆ పూతలో కంటికి కనబడని రేణువులుంటాయి. అవి సన్నగా అదురుతూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. చెడిన చోట ఎలా ఉండాలో పక్కవాటిని చూసి సరిచేసుకుంటాయి. కానీ ఎండకు బండి మొత్తం ఒక్కసారే అలిసిపోతే, తనలో ఏది మంచో ఏది చెడో దానికే తెలియదు. అదే డ్రమ్ములోంచి వచ్చిన పూత ఇంకొకటి దరిదాపుల్లో ఉంటే, దాన్ని చూసుకుని బాగవుతుంది. లేకపోతే తెల్లబడి రాలిపోతుంది.

"దరిదాపులంటే ఎంత దూరం?" అన్నాను.

"తెలీదు!" అని నవ్వింది. "ఏమీ తెలీదమ్మా! ఎంత పెద్ద సంగతి దొరికిందో చూడు, నాకు ఏమీ తెలీదు!"

అది అలా గెంతుతున్నా నేను సంతోషించలేకపోయాను. ఎందుకంటే భీమిలిలో ఇంకో కారుంది.

ఆ కారు చెన్నై కంపెనీవాళ్లది. మా పూత పదేళ్లు నిలుస్తుందని హైమ చెప్పిన మాట విని, ఒక నీలం రంగు కారుకి ఆ మొదటి డ్రమ్ములోని పూతే వేయించుకుని, సముద్రం ఒడ్డున చేపలకు మంచుగడ్డలు అమ్మే కొట్టు పక్కన నిలబెట్టి తాళం వేసుకున్నారు. ఉప్పుగాలి, ఎండ, వాన అన్నీ దాని మీదే. అది నిలిస్తే పూతను వాళ్లు తయారు చేస్తారు. హైమని చెన్నైలో తమ పెద్ద ప్రయోగశాలకు తీసుకుపోతారు. నిలవకపోతే ఇక ఆ పూత మాట ఎవరూ వినరు. హైమ ఇన్నేళ్ల కష్టమూ ఆ వెనక గదిలోనే ఆగిపోతుంది.

అది చెన్నై వెళ్తుందంటే నాకు భయం. వెళ్లకుండా ఓడిపోయి ఇంట్లో కూర్చుంటుందన్నా భయమే. మా ఆయన ఓడలకు రంగు వేసే పనికి పారాదీప్ వెళ్తానంటే బస్సు ఎక్కించి వచ్చాను. ఆ బస్సు మలుపు తిరుగుతుండగా చూసిందే ఆఖరు చూపు. ఆ తర్వాత ఎవరు ఎక్కడికి బయల్దేరినా బండి మలుపు తిరిగేదాకా నేను చూడను.

ఆ వారమంతా ఇల్లు తిరునాళ్లలా ఉంది. హైమ ఒక రేకు ఇచ్చి డిక్కీలో పెట్టుకోమని పైడితల్లిని పంపింది. మర్నాడు ఆమె ఫోను.

"ఒసే హైమా! మెరిసిపోతంది! ఇంటి ముందే మెరిసిపోతంది! పక్కింటోడు కొత్త కారు కొన్నావా అన్నాడే!"

ఇద్దరూ ఫోనులో ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే నూకరాజు గన్ను పక్కన పడేసి షెడ్డులో చిందులేశాడు. కానీ ఆ సంబరం నిలవలేదు. మూడో రోజుకి రేకే తెల్లబడిపోయింది. దాని వెనకే కారూ తెల్లబడింది. పైడితల్లి తెచ్చి చూపించిన రేకు పట్టుకుంటే పొడి పొడిగా రాలింది.

"చిన్నది. అంత పెద్ద బండి బరువు మొయ్యలేకపోయింది," అంది హైమ ఆ రేకుని నిమురుతూ. "సమానమైన తోడు కావాలి. లేకపోతే పూత తయారీలోనే ఏదో మార్చాలి. ఏం మార్చాలో తెలుసుకోడానికి నాకు ఇక్కడున్న సామాను చాలదు."

"కంపెనీవాళ్లతో ఏటంటావు?" అన్నాడు నూకరాజు.

"ఉన్నదే చెబుతాను. ముందు భీమిలి కారు ఎలా ఉందో చూడాలి. నేను వాళ్ల కార్లోనే వెళ్తాను. నువ్వు వ్యాను తేవద్దు. తెలిసిందా? వ్యాను ఆ దరిదాపులకు రాకూడదు."

"తేను," అన్నాడు వాడు, గోడ వైపు చూస్తూ.

హైమ వెళ్లిన కాసేపటికే వాడు వ్యాను గుమ్మం ముందు ఆపి హారను కొట్టాడు.

"ఎక్కమ్మా. భీమిలి."

"హైమ తేవద్దంది కదరా."

"తేవద్దంటే? ఈ ఎండలో నిన్ను బస్సులో తీసుకెళ్లాలా? మా అమ్మ రంగు చూడ్డానికి ముచ్చటపడింది, తీసుకొచ్చినానంటాను. నువ్వేం మాట్లాడకు. కూకో చాలు."

నేను ఎక్కి కూర్చున్నాను. నా కూతురు తలదించుకోకూడదన్న ఒక్క మాటే మనసులో ఉంది. బీచ్ రోడ్డు పొడుగునా సముద్రం ఒక పక్క మిలమిలలాడుతుంటే, ఏ దేవుడికీ వినబడకుండా మొక్కుకుంటూ కూర్చున్నాను.

భీమిలిలో మంచు కొట్టు దగ్గర చిన్న గుంపు చేరింది. పడవల మీంచి దిగినవాళ్లు, బుట్టలు దించుకున్న ఆడవాళ్లు వింత చూస్తున్నారు. వాళ్ల మధ్య ఆ నీలం కారు. నీలం ఎక్కడుంది! ఉప్పుమడిలోంచి తవ్వి తీసినట్టుంది. టైరు నుంచి పైకప్పు దాకా తెల్లదనమే. కంపెనీ తరఫున వచ్చిన కోదండపాణి గారు, నెల్లూరు మనిషి, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డారు. హైమ ఆయన పక్కన నిలబడి ఏదో చెప్పడం మొదలుపెడుతోంది.

మా వ్యాను వచ్చి ఆగింది.

హైమ తలెత్తి మమ్మల్ని చూసింది. దాని పెదాలు బిగుసుకున్నాయి. అప్పటికే గుంపులో ఎవరో కేకేశారు.

"ఓలమ్మో! అటు చూడండే!"

బానెట్ అంచున ఒక చిన్న నీలం చుక్క పుట్టింది. అది పెరిగింది. అద్దం మీద ఊదిన ఆవిరి తగ్గినట్టు తెల్లదనం వెనక్కి వెనక్కి పోతోంది. పైకప్పు నీలం, తలుపులు నీలం, చివరికి డిక్కీ కూడా. ఎండలో కారు అప్పుడే కడిగిన నేరేడుపండులా తళతళలాడింది. గుంపంతా ఈలలు. ఒక ముసలమ్మ దాని మీద చెయ్యి పెట్టి చూసి, వేళ్లు ముద్దు పెట్టుకుంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎన్నిసార్లు చూసినా చూడాలనిపించే వింత అది. దాన్ని కన్నది నా కూతురు.

కోదండపాణి గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "ఇదేందమ్మా ఇది! ఇంత చెడి మళ్లా బాగవుతాదా? నేను ఎన్ని పూతలు చూశానో, ఎన్ని కంపెనీల మాటలు నమ్మి చెడ్డానో! ఇట్టాంటిది చూడలా. ఇంకేం వొద్దు. పదేళ్లని రాసేస్తాం."

నూకరాజు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దండీ," అంది హైమ. "రాయకండి. అది ఆ వ్యాను రాబట్టి బాగైంది."

అంతా చెప్పింది. ఎండపెట్టెలో రెండు రేకులు, పైడితల్లి కారు, డిక్కీలో పొడైపోయిన రేకు, ఏదీ దాచలేదు. కోదండపాణి గారు వింటూ వింటూ వ్యాను వైపు ఒకసారి, కారు వైపు ఒకసారి చూసి నవ్వేశారు.

"ఒక బండిని చూసి ఇంకో బండి బాగవుతాదా? నువ్వు మరీ జాగ్రత్త మనిషివమ్మా. ఎండెక్కింది, వేడికి సర్దుకుని ఉంటాది. ఆ సంగతులన్నీ తర్వాత చూసుకుందాం."

"తర్వాత అంటే ఎప్పుడండీ? ఊరూరా కార్లు తెల్లబడ్డాకా? అన్నయ్యా, వ్యాను తియ్యి. దూరంగా తీసుకుపో. ఈయనే చూస్తారు."

నూకరాజు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "తియ్యను."

"అన్నయ్యా!"

"తియ్యనన్నాను కదా. ఆయన రాసేస్తానంటే నీకేటే బాధ? నోటికాడికొచ్చింది కాలదన్నుకుంటావేటి?"

"పైడితల్లి మన గుమ్మంలోకి వచ్చి అరిచింది. రేపు ఊరూరా అరుస్తారు. నా పేరు పెట్టి అరుస్తారు. నేను చెప్పింది ఒక్కటీ ఎవరూ నమ్మరు."

"అప్పటికి నువ్వు అది బాగుచేసీయవా? చేస్తావు! నాకు తెలుసు!"

"చేస్తానో లేదో నాకే తెలీదు, నీకెలా తెలుసు?"

వాడు జేబు మీంచి చెయ్యి తీయలేదు. జనం అన్నాచెల్లెళ్ల వంక మార్చి మార్చి చూస్తున్నారు. హైమ నా వైపు తిరిగింది. నన్ను అడ్డం పెట్టుకునే వ్యాను అక్కడికి వచ్చిందని దానికి తెలుసు.

కారు తళతళలాడుతూనే ఉంది. మేము అక్కడ నిలబడినంతసేపూ అలాగే ఉంటుంది. నాకు కావలసిందీ అదే. ఎవరూ ఎక్కడికీ కదలకుండా, అందరూ ఒక్కచోట, అంతా మెరుస్తూ. కానీ హైమ ముఖంలో ఆ మెరుపు లేదు. పైడితల్లి ఫొటోలు చూసినప్పుడు, పెట్టె ముందు నిలబడి నాకు తెలీదు, తెలీదు అని నవ్వినప్పుడు దాని ముఖం ఎలా వెలిగిందో నేను చూశాను.

వ్యాను తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాను.

"ఎక్కు నూకరాజూ."

"అమ్మా, నీకు తెలీదు..."

"నాకు తెలిసింది చాలు. బండి తియ్యి. నువ్వు తియ్యకపోతే నేనే నెట్టిస్తాను. ఇక్కడ ఇంతమంది ఉన్నారు."

జనం గొల్లుమన్నారు. ఒకాయన అప్పుడే పంచె ఎగ్గట్టి వ్యాను వెనక్కి వచ్చాడు కూడా. నూకరాజు పళ్లు కొరుక్కుంటూ ఎక్కాడు. బండి కదిలింది. వెనక అద్దంలో హైమ, నీలం కారు, గుంపు చిన్నవైపోతూ కనిపించాయి. రోడ్డు మలుపు తిరిగింది. నేను రెండు చేతులతో సీటు పట్టుకున్నాను.

ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది.

"అమ్మా! ఎక్కడున్నారు?"

"ఎర్రమట్టి దిబ్బలు. తెల్లబడిందా?"

"లేదు! ఇంకా మెరుస్తూనే ఉంది! తెల్లబడ్డాక బాగవ్వాలంటే తోడు దగ్గరికి రావాలి కానీ, ఒకసారి బాగయ్యాక అంత దూరం నుంచి కూడా వింటోందమ్మా అది! నేను పక్క వీధి అనుకున్నాను! ఫోను పెట్టేయకు, అన్నయ్యని పోనీమను!"

నూకరాజు బిగించిన పళ్లు వదులయ్యాయి. గేరు మార్చాడు. "ఇంతదూరమా? నిజంగానేటి?" అని ఫోనులోకి అరిచాడు.

మంగమారిపేట దాటాం. ఫోనులో ఊపిరి తప్ప ఏమీ వినబడటం లేదు. ఉన్నట్టుండి గుంపు గోల.

"అంచు! బానెట్ అంచు తెల్లబడుతోంది! ఆగండి, ఆగండి! ఇప్పుడు కొంచెం వెనక్కి రండి!"

నూకరాజు నడిరోడ్డు మీద బండి వెనక్కి తిప్పాడు. ఎవడో లారీవాడు తిట్టాడు. "మా చెల్లెలు ప్రయోగం చేస్తందిరా!" అని వీడు తిరిగి అరిచాడు.

"నీలం! మళ్లీ నీలం! చూశారా అండీ, చూశారా!" అని హైమ ఎవరితోనో అంటోంది. కోదండపాణి గారి గొంతు దానికంటే పైన వినిపించింది. "మళ్లా పొమ్మనమ్మా, మళ్లా పొమ్మను! ఒకసారైతే నమ్మను... ఆ, తెల్లబడతా ఉంది, తెల్లబడతా ఉంది! పదేళ్లు పొయినా పోనీ, ఈ ఒక్కటి చాలు. నువ్వు చెన్నై రావాల్సిందే తల్లీ. పై వారమే. ఎంత దూరం దాకా వింటాదో, ఎందుకు వింటాదో, అంతా తేలాల!"

పై వారమే. ఆ మాట నా చెవిలో పడింది. హైమ ఏం జవాబు చెప్పిందో జనం గోలలో వినబడలేదు. కానీ దాని గొంతు ఎలా ఉందో వినబడింది.

"అమ్మా! ఉన్నావా?"

"ఉన్నానే."

"ఇప్పుడు మొత్తం తెల్లబడేదాకా చూడాలి. మీరు బాగా దూరం పోవాలి. భయం లేదు కదా? వెళ్తారు కదా? ఎంత దూరం పోతే అంత మంచిదమ్మా!"

రోడ్డు ఖాళీగా ఉంది. నూకరాజు బండి ఆపి నా ముఖంలోకి చూస్తున్నాడు, ఏం చేయమంటావన్నట్టు.

"వెళ్తున్నాం తల్లీ," అన్నాను ఫోనులోకి. "నువ్వు చూసుకో."

పోనీరా అని నూకరాజు భుజం తట్టాను.